ఆ హెచ్చరిక రాసిన చేతికి

మీ పేరు నాకు తెలియదు. ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టలేషన్ గైడ్‌లో, పార్టిషన్లను (డిస్కులోని భాగాలను) ఫార్మాట్ చేసే చోట మీరొక హెచ్చరిక పెట్టారు. ఈఎఫ్ఐ పార్టిషన్ (కంప్యూటర్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే భాగం) మీరే కొత్తగా చేసుకున్నదైతేనే ఫార్మాట్ చేయండి, ముందునుంచీ ఉన్నదైతే మిగతా ఆపరేటింగ్ సిస్టమ్‌ల బూట్ లోడర్లు, అంటే వాటిని లేపే ప్రోగ్రాములు, తుడిచిపెట్టుకుపోవచ్చు అని.

అప్పుడు రాత్రి ఒంటిగంట. లాప్‌టాప్ మా చెల్లిది. అందులో విండోస్, విండోస్‌లో తెల్లారి ఇవ్వవలసిన తన ప్రాజెక్టు రిపోర్టు. ఆ పార్టిషన్‌ను ఫార్మాట్ చేసే కమాండ్ టైపు చేసి ఎంటర్ మీద వేలు పెట్టాక, ఎందుకో ఒక్కసారి మీ వాక్యం వైపు చూశాను. (సూచనలు చదివే అలవాటు నాకు లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు.) వేలు తీసేశాను. నొక్కి ఉంటే రిపోర్టు డిస్కులోనే ఉండేది గానీ, పొద్దున్న విండోస్ లేచేది కాదు.

రీబూట్ చేశాక వైఫై రాలేదు. నెట్‌వర్క్ ప్యాకేజీ వేసుకోమని కూడా మీరు చెప్పారు, దాటేసింది నేనే.

ఆర్చ్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఫైలు) నెలనెలా కొత్తది వస్తుంది. ఆ మార్పుల వెంట గైడ్‌ను సరిదిద్దుతూ ఉండడం ఎంత విసుగు పనో ఊహించగలను.

రిపోర్టు వేళకే వెళ్లింది. చెల్లికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెబుతున్నాను. ధన్యవాదాలండీ.