మంత్రిగారూ, మా నాలుగో తరగతి సినిమాకి కొంచెం దారివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నేనొక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). మట్టిబొమ్మని కొంచెం కొంచెం కదిపి, ఫోటోలు తీసి మా పిల్లలు చేసిన ఒక చిన్న సినిమా గురించి రాస్తున్నాను. నిధులు అడగడానికి రాయడం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే చివరిదాకా చదువుతారని ఆశ.

ప్రభుత్వ బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో మా బడికి స్మార్ట్ టీవీ వచ్చింది. పిల్లలు అందులో బొమ్మల పాఠాలు చూస్తారు. విత్తనం మొలకెత్తే పాఠం అయ్యాక "అర్థమైందా?" అంటే అందరూ ఒకే గొంతుతో "అయింది టీచర్" అన్నారు. సరే, ఆ వీడియో మనమే తీద్దాం రండి అన్నాను. అప్పుడు తెలిసింది ఎంత అర్థమైందో.

మధ్యాహ్న భోజనం పళ్ళేలు రెండు దొంతర్లు, వాటి మీద వంతెనలా రెండు స్కేళ్ళు, ఆ పైన కెమెరా కిందికి చూసేలా నా ఫోన్. కింద నల్ల చార్టు మీద బంకమట్టి గింజ. మట్టిని గోరంత కదపడం, ఫోటో తీయడం, మళ్ళీ కదపడం. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 ఫోటోలు. మాకు 8 చాలనుకున్నాం. మరి మా 9 సెకన్ల సినిమాకి ఎన్ని ఫోటోలు? ఎనిమిదో ఎక్కం అంటే బయటికి పరిగెత్తేవాడే అందరికంటే ముందు "72" అని అరిచాడు.

ఒక పాప గింజలోంచి ముందు ఆకు తీసింది. పక్కవాడు "వేరు కదా ముందు రావాలి" అన్నాడు. పాప ఒప్పుకోలేదు. గోడమీద చార్టు చూశారు. గింజ, మొలక, మొక్క, అంతే. మధ్యలో ఏం జరుగుతుందో అందులో లేదు. చివరికి పెసలు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి రోజూ విప్పి చూశారు. తొక్క చీలి ముందు వేరు దిగింది. తర్వాత కాడ వంగి, ఒక గింజైతే తొక్కని టోపీలా పెట్టుకుని పైకొచ్చింది. పాప ఆకు పీకేసి, మట్టితో టోపీ చేసింది.

బొమ్మని కదిలించాలంటే మొదలూ చివరా తెలిస్తే చాలదు, ఆ మధ్య సంగతి తెలియాలి. మన ప్రశ్నపత్రాల్లో అది అరుదుగా అడుగుతాం.

ఫోన్ అలవాటవుతుందేమోనని ఒక తండ్రి భయపడ్డాడు. న్యాయమైన భయమే. కానీ ఇక్కడ రెండు పీరియడ్లు మట్టితో గడిస్తే, తెర చూసింది 9 సెకన్లు. ఫోనే వద్దనుకుంటే పాత నోటుబుక్కు మూలల్లో పేజీకో బంతి గీసి గబగబా తిప్పినా బంతి గెంతుతుంది.

ఇదేదో పరాయి విద్య కూడా కాదు. తోలుబొమ్మకి భుజం దగ్గర, మోచేతి దగ్గర కీళ్ళు కట్టి ఆడించినవాళ్ళం. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కనీసం ఆ చుట్టుపక్కల బడులకైనా కళాకారుల్ని గౌరవ వేతనమిచ్చి పిలిపించండి. అట్టముక్కలకి దారంతో కీళ్ళు కట్టడం వాళ్ళు నేర్పితే, ఫోటోలు మేం తీసుకుంటాం.

41వ ఫోటో దగ్గర ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఏవో వివరాలు అర్జెంటుగా యాప్‌లో పెట్టాలట. ఆ వైబ్రేషన్‌కి ఫోన్ జరిగింది. ఇప్పుడు వీడియోలో అక్కడికి రాగానే గింజ ఒక్క గెంతు గెంతుతుంది. పిల్లలకి ఆ గెంతే అన్నిటికంటే నచ్చింది.

నేనడిగేది చిన్నది. పాఠం కోసం తరగతిలో ఫోన్ తీసిన టీచరుని సంజాయిషీ అడగబోమని ఒక్క వాక్యం రాయించండి. శనివారం నో బ్యాగ్ డేలో రెండు పీరియడ్లు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట ఇప్పించండి. ఇప్పటికే చేసిన టీచర్లు మిగతావాళ్ళ చేతికి మట్టిచ్చి చేయిస్తారు. దయచేసి దీనికి కొత్త యాప్ మాత్రం పెట్టకండి. జిల్లాస్థాయి పోటీ కూడా వద్దు. పోటీ అనగానే సినిమా టీచర్లమే తీసేస్తాం, పిల్లలు పక్కన నిలబడి చూస్తారు. ఐదు తరగతులకీ ఒక్కరే ఉన్న బడుల్లో ఇది కష్టం, వాళ్ళ మీద రుద్దకండి.

ఇక్కడ వానలు పడ్డాయి. కప్పపిల్లలకి ముందుకాళ్ళు ముందొస్తాయా, వెనక కాళ్ళా అని మావాళ్ళు పందెం కాసుకున్నారు. నాలుగింటిని చెరువు నీళ్ళతో సహా సీసాలో తెచ్చి కిటికీలో పెట్టాం.

ఇట్లు,
ఒక ఎస్‌జీటీ