వార్షిక నివేదిక: లిండ్‌స్ట్రోమ్ ఊరి దగ్గర మన సంఘం నేర్చుకున్నది

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు. గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మన తెలుగు సంఘం చేపట్టిన పనుల వివరాలను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే సజావుగా జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తున్నారు కనుక ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం లిండ్‌స్ట్రోమ్ పట్టణం గురించే ఉంటుంది. మన పిల్లల తెలుగు గురించి ఏళ్ల తరబడి మనం పడుతున్న బెంగకు ఒక దారి ఈ ఏడాది ఆ ఊళ్లోనే కనిపించింది.

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలకు ఈశాన్యంగా, 8వ నంబరు జాతీయ రహదారి మీద, సరస్సుల నడుమ స్వీడన్ నుంచి వలసవచ్చినవారు స్థిరపడిన చిన్న ఊరు అది. 2010 జనగణన నాటికి అక్కడి జనాభా 4,442. శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి టేలర్స్ ఫాల్స్ పట్టణానికి వెళ్లేటప్పుడు మనలో చాలామంది ఆ ఊరి మీదుగానే వెళ్తాం. పాత నీళ్ల ట్యాంకుకు పిడి, కొమ్ము అమర్చి కాఫీ కెటిల్‌గా మార్చి, దాని మీద స్వీడిష్‌లో స్వాగతం రాసి ఉండటం చూసి పిల్లలు కేరింతలు కొడతారు, మనం ఆగకుండా సాగిపోతాం. ఈసారి ఆగి చూడాలని జూన్‌లో రెండు వ్యాన్లలో బయలుదేరాం. వేసవి గడపడానికి స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూడా మాతో వచ్చారు.

అది మొదట స్వీడన్‌వారి నేల కాదు. ఈ సరస్సుల ప్రాంతానికి ఉన్న చిసాగో అన్న పేరే ఇక్కడి మూలవాసులైన ఓజిబ్వేల భాషది. పెద్దదీ అందమైనదీ అయిన సరస్సు అని దానికి అర్థం చెబుతారు. 1837లో ఓజిబ్వే, డకోటా మూలవాసి జాతులతో కుదుర్చుకున్న ఒప్పందాల ద్వారా అమెరికా ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని తన వశం చేసుకున్న తరువాతే వలసవచ్చినవారికి ఇక్కడ చోటు దొరికింది. ఈ సంగతి మన పిల్లలకు ముందుగా చెప్పాలని కార్యవర్గం అనుకుంది, చెప్పాం కూడా. 1851లో స్వీడన్‌లోని హసెలా గ్రామానికి చెందిన పెర్ ఆండెర్సన్ ఈ సరస్సు ఒడ్డుకు చేరాడు. ఊరికి తన పేరు మిగిల్చిన డేనియల్ లిండ్‌స్ట్రోమ్‌ది కూడా హసెలానే, అతను 1853లో వచ్చాడు. 1854లో పక్కనే ఉన్న సెంటర్ సిటీ ఊళ్లో లూథరన్ క్రైస్తవుల చర్చి సంఘం ఏర్పడింది. ముందు వచ్చినవాళ్లు ఇంటికి ఉత్తరాలు రాయడం, అవి చదివి చుట్టాలూ ఇరుగుపొరుగూ కదలడం, పొలాల్లో రాళ్లు ఏరి గోడలు పేర్చుకోవడంతోనే సగం ఆయుష్షు గడిచిపోయే దక్షిణ స్వీడన్ ప్రాంతం స్మోలాండ్ నుంచి కూడా కుటుంబాలు తరలిరావడం వింటుంటే, ఒకే ఊరి నుంచి ఒకరి వెంట ఒకరుగా వచ్చిన మన కుటుంబాల కథ మనమే వింటున్నట్టు అనిపించింది.

ఊరి నడిమధ్య కార్ల్ ఆస్కర్, క్రిస్టీనాల విగ్రహం ఉంది. వీరు స్వీడిష్ రచయిత విల్‌హెల్మ్ మూబెరి వలసదారుల మీద రాసిన నాలుగు సంపుటాల నవలలోని దంపతులు. ఆ నవల కోసం సమాచారం సేకరించడానికి ఆయన 1948లో ఇక్కడికి వచ్చి సైకిల్ మీద ఈ పల్లెలన్నీ తిరిగాడు. అసలు విగ్రహం స్వీడన్‌లోని కార్ల్స్‌హామ్న్ రేవులో ఉంది, ఇక్కడున్నది దాని ప్రతిరూపం. కార్ల్ ఆస్కర్ ముందుకు చూస్తుంటాడు. క్రిస్టీనా మాత్రం తల తిప్పి వెనక్కి చూస్తుంటుంది. మన సభ్యుల్లో ఒకరి తల్లిగారు, ఏలూరు నుంచి వచ్చినావిడ, ఆమె ముందు చాలాసేపు నిలబడి, “ఈ పిల్ల వాళ్లమ్మ కోసం చూస్తోంది” అన్నారు. నవల సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మా వల్ల జరిగిన ఒక పొరపాటును సభ్యుల ముందు ఒప్పుకోవాలి. ఆహ్వాన పత్రంలో ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వేసినప్పుడు ‘o’ అనే అక్షరం మీద ఉండవలసిన రెండు చుక్కలను (ö) వదిలేశాం. చర్చి దగ్గర మాకు ఊరు చూపించడానికి ఒప్పుకున్న పెద్దావిడ ఆ కాగితం చూసి, ఏమీ అనకుండా, కలం తీసి రెండు చుక్కలూ పెట్టి తిరిగి ఇచ్చారు. ఆ చుక్కల వెనుక ఒక చరిత్ర ఉందని తరువాత తెలిసింది. 2012లో రహదారి బోర్డులు మార్చినప్పుడు చుక్కలు పోయాయి. సంకేత ఫలకాల మీద మామూలు ఇంగ్లీషు అక్షరాలే ఉండాలన్న నిబంధన దానికి కారణం. ఊరివాళ్లు ఊరుకోలేదు. చివరికి 2015 ఏప్రిల్‌లో అప్పటి రాష్ట్ర గవర్నర్ మార్క్ డేటన్ వాటిని తిరిగి పెట్టించే ఉత్తర్వు జారీ చేస్తూ, అవసరమైతే తానే వెళ్లి రంగు వేస్తానని కూడా అన్నారు. స్వీడిష్‌లో ఆ చుక్కల ö అలంకారం కాదు, వర్ణమాలలో విడిగా చోటున్న అక్షరం. కల, కళ, కాల మూడింటినీ ఇంగ్లీషులో ఒకే తీరుగా రాసుకోవలసివచ్చే మనకు ఆ బాధ ఎవరో వివరించి చెప్పనక్కర్లేదు.

అంత పట్టుదల ఉన్న ఊళ్లోనూ ఈనాడు వీధుల్లో స్వీడిష్ వినిపించదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పరాయి భాషల మీద వచ్చిన ఒత్తిడి, ఆ తరువాత చర్చిల్లో ఆరాధన క్రమంగా ఇంగ్లీషుకు మారడం, బడిలో పిల్లలు ఇంగ్లీషులోనే పెరగడం, ఇవన్నీ కలిసి రెండు మూడు తరాల్లో పని పూర్తిచేశాయి. మాకు ఊరు చూపించిన ఆ పెద్దావిడకు స్వీడిష్‌లో వచ్చింది ఒక్కటే, భోజనానికి ముందు చెప్పుకునే ప్రార్థన. వాళ్ల బామ్మ నేర్పిందట. తడబడకుండా చెప్పారు, అర్థం మాత్రం పెద్దయ్యాక అడిగి తెలుసుకున్నానన్నారు. తిరుగు ప్రయాణంలో మన పిల్లల్లో ఒకరు, “నాకు కూడా బ్రహ్మార్పణం అలాగే వచ్చు కదా” అనడం వ్యానులో అందరం విన్నాం. నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. ఈ నివేదికలో తక్కినదంతా ఆ మాట నుంచే వచ్చింది.

లిండ్‌స్ట్రోమ్‌వారికి ఉన్నదీ మనకు లేనిదీ ఒకటుంది. స్వీడన్‌లో చర్చి పాస్టర్లు ఇంటింటికీ తిరిగి ఎవరెవరున్నారు, ఎవరికి చదవడం వచ్చు, ఎవరు ఎక్కడికి తరలిపోయారు అని తరతరాలుగా పుస్తకాల్లో రాసి ఉంచారు. అందువల్ల ఈ ఊరివాళ్లు తమ ముత్తాత తండ్రి పుట్టిన ఇంటిని కూడా పట్టుకోగలుగుతున్నారు. మన ఇళ్లలో ఆ సమాచారం కాగితం మీద లేదు, పెద్దల నోట ఉంది. అందుకే సెప్టెంబరు నుంచి వారాంతపు తెలుగు బడిలో ఒక గంటను పాఠ్యపుస్తకానికి కాకుండా అమ్మమ్మ తాతయ్యల మాటలు రికార్డు చేయడానికి కేటాయించాం. కోతల కాలం, పెళ్లి వంటలు, పొలం పేర్లు, తిట్లు, జోలపాటలు ఏవైనా సరే, పిల్లలే ప్రశ్నలు అడగాలి, తెలుగులోనే అడగాలి. మొదట్లో పిల్లలు ప్రశ్నలు ఇంగ్లీషు లిపిలో రాసుకుని వచ్చేవారు. సంక్రాంతి తరువాత కొందరు తెలుగులో రాసుకుంటున్నారు.

డిసెంబరు 13న స్వీడన్‌వారి దీపాల పండుగ లూసియాకు కొన్ని కుటుంబాలు వెళ్లివచ్చాయి. తెల్లని దుస్తులు, తల మీద దీపాల కిరీటం, కుంకుమపువ్వు వేసిన రొట్టెలు చూసిన ఆడపిల్లలు కార్తీక దీపాల గురించి అక్కడి పిల్లలకు చెప్పారని తెలిసి సంతోషించాం.

సొంత పడవలున్న సభ్యులకు ఒక విన్నపం. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు గవ్వజాతి జీవులు, కలుపు మొక్కలు పాకుతున్నాయి కనుక, పడవను నీళ్లలోంచి తీయగానే అంటుకున్న నాచును తొలగించి, అడుగు బిరడా తీసి, నీరంతా అక్కడే పారబోసిన తరువాతే రోడ్డెక్కాలి. ఇది రాష్ట్ర చట్టం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు తీర్మానాలు ప్రతిపాదిస్తోంది. మొదటిది, రికార్డింగు గంటను శాశ్వతం చేయడం. రెండవది, సంఘం వెలువరించే కాగితాలన్నిటిలో సభ్యుల పేర్లను ముందు తెలుగు లిపిలో, తరువాతే ఇంగ్లీషులో ముద్రించడం. మీ ఇంట్లో అందరి పేర్లూ ఎలా పలకాలో అలాగే తెలుగులో రాసి, ఈ సమావేశం ముగిసేలోగా గుమ్మం దగ్గరి బల్ల మీదున్న పుస్తకంలో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి