పావు అంగుళం ఎందుకని అడిగిన ఆచారి గారికి

కాళ్ళు లాగేస్తున్నాయి, గొంతు పోయింది. అయినా రాయకుండా పడుకోలేను. ప్రాక్టికల్స్ గట్టెక్కాయి. బి.పి.ఎడ్. (వ్యాయామ విద్య డిగ్రీ) అమ్మాయిలందరూ స్టెప్ టెస్ట్, అంటే బల్ల ఎక్కి దిగి ఒంటి దమ్ము కొలిచే పరీక్ష, చేశారు. అందుకు నేను రుణపడింది, మొన్నటిదాకా ముఖమైనా ఎరుగని ఒక వడ్రంగికి.

పరిశోధన చేసుకుంటూనే క్రీడాశాస్త్రం ప్రాక్టికల్ క్లాసులు చెబుతుంటాను. మెట్లు ఎక్కి దిగే ఈ పాఠం తిరుపతిలో చెప్పడం ఒక భోగం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కి, మళ్ళీ నడిచే దిగినవాళ్ళు క్లాసులో ఎప్పుడూ ఉంటారు. ఎక్కేటప్పుడు కష్టం గుండెది, దిగేటప్పుడు తొడలది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అందుకే నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు లేవబోతే తెలుస్తుంది. ఈ మాట అనగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు "అవును మేడమ్!" అంటారు. నాకు జీతంకన్నా ఆ కేక ముఖ్యం. (జీతం సంగతి తర్వాత.)

క్వీన్స్ కాలేజీ స్టెప్ టెస్టుకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 16.25 అంగుళాల ఎత్తు బల్ల, మెట్రోనోమ్ (అడుగులకు తాళం వేసే పరికరం), చేతి గడియారం చాలు. అమ్మాయిలైతే నిమిషానికి 22 సార్ల చొప్పున మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. ఆగిన అయిదో సెకను నుంచి పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టాలి. ఆ బల్లలకే దిక్కు లేదు. మూడు కొటేషన్లు జతచేసిన ఫైలు ఏ బల్ల మీద పడి ఉందో గానీ, పరీక్ష ముందురోజుకీ కదలలేదు.

సాయంత్రం తిరిగి తిరిగి, దుకాణం కట్టేయబోతున్న ఆచారి గారి ముందు నిలబడ్డాను. రేపు పొద్దున్నకే కావాలంటే నవ్వారు. కొలత చెప్పాను.

"పదహారుంపావా? ఆ పావు ఎందుకమ్మా?"

ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న! అమెరికాలో ఈ పరీక్ష తయారుచేసినవాళ్ళు తమ వ్యాయామశాల గ్యాలరీ మెట్లనే వాడుకున్నారని, వాటి ఎత్తు అంతేనని చెప్పాను. ఆయన పెన్సిలు చెవిలో దోపుకుని, "అయితే మీ శాస్త్రానికి ముందు కొలత పెట్టింది మావాడే" అన్నారు.

అర్ధరాత్రి దాటేదాకా రంపం ఆగలేదు. పొద్దున ఆయనే బల్లలు ఆటోలో వేసుకొచ్చారు. వరండా నేల వాలుగా ఉందని రసమట్టం పెట్టి చూసి, ఒక్కో కాలి కింద చెక్కముక్క కొట్టారు. పని అయ్యాక వెళ్ళలేదు. గోడకు ఆనుకుని కూర్చుని మొదటి అమ్మాయి నాడి లెక్క విన్నారు: పదిహేను సెకన్లలో 37, అంటే నిమిషానికి 148. సూత్రంలో వేస్తే, ఆమె ఒళ్ళు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ కిలో బరువుకు నిమిషానికి సుమారు 38 మిల్లీలీటర్లు. "బల్ల పావు అంగుళం తగ్గి ఉంటే ఈ లెక్క తప్పేదా?" అని అడిగారు. తగ్గిన మేరకు శ్రమ తగ్గి, నాడి తక్కువ పలికేదన్నాను. తృప్తిగా తల ఊపారు. చెక్క డబ్బులు మాత్రం తీసుకున్నారు. కూలి ఇవ్వబోతే, "పాఠం చెప్పారు కదమ్మా, చెల్లుకు చెల్లు" అన్నారు. పిల్లలు చూస్తున్నారని కూడా మరచి ఏడ్చేశాను.

ఇంట్లోవాళ్ళకు వేరే చెప్పాలా? అమ్మ చిత్తూరు నుంచి వచ్చి పాపను చూసుకుంది, మా ఆయన వంట చేశారు.

ఇక జీతం. క్లాసు చెప్పేది మేము, మూల్యాంకనం చేసేది మేము, ఉపకార వేతనం మాత్రం నెలల తరబడి రాదు. అడిగితే "మీరింకా విద్యార్థులే కదా" అంటారు. పరీక్షల విధులు పంచేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు! ఒక వడ్రంగి రాత్రికి రాత్రి చేసిన పనికి ఒక కార్యాలయానికి ఒక సెమిస్టరు చాలలేదు. పేర్లు ఎందుకు లెండి, చదివేవాళ్ళకు తెలుసు.

అయ్యో, మెట్రోనోమ్ 88 మీద (ఒక్కో ఎక్కి దిగడానికి నాలుగు అడుగులు, నాలుగు దెబ్బలు) పెట్టి వరండా అంతా వినబడేలా స్పీకరు తెచ్చిన జూనియరును మరిచాను. తాళం తీసి ఇచ్చిన వాచ్‌మన్ గారిని కూడా. నిమ్మరసం పంపిన హాస్టలు వంటమ్మకు, కిరాయి తగ్గించిన ఆటో అన్నకు కూడా దండాలు.

బల్లలు వరండాలోనే ఉన్నాయి. ఏ కాలేజీవాళ్ళు అడిగినా ఇస్తాను. వానలో మాత్రం వదిలేయకండి, చెక్క ఉబ్బితే కొలత పోతుందని ఆచారి గారు మరీ మరీ చెప్పి వెళ్ళారు.