రంగు మారినంత మాత్రాన జాతి మారదు

సంపాదకుల గారికి,

ఎర్రకళ్ల తెల్లపాము, ఊదారంగు పాము, చారల పాము అంటూ ఫోన్లలో తిరిగే వీడియోల్లో చాలా పాములు ఒకే జాతివి. దాని పేరు కార్న్ స్నేక్. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ఉండే, విషం లేని పాము. "అరుదైన జాతి" అన్న మాట నమ్మి డబ్బు పోయబోయే విశాఖ కుర్రాళ్ల కోసం ఈ ఉత్తరం.

అడవిలో పుట్టిన కార్న్ స్నేక్‌కు నారింజ ఒంటి మీద నల్ల అంచున్న ఎర్ర మచ్చలు, పొట్ట కింద నలుపు తెలుపు గళ్లు ఉంటాయి. నలుపు ఒక రకం కణాల్లో, ఎరుపు పసుపులు మరో రకం కణాల్లో తయారవుతాయి. నలుపు పోతే అమెల్, కళ్లు ఎర్రబడతాయి. ఎరుపు పోతే అనెరీ, ఒళ్లంతా నలుపూ బూడిదా. రెండూ పోతే స్నో. అమెల్ అంతర్గత జన్యువు (తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే బయటపడేది) వల్ల వస్తుందని బెక్టెల్ దంపతులు పాముల్ని పెంచి 1962లో ప్రకటించారు. ఆ లోపం ఓసీఏ2 జన్యువులో ఉందని 2015లో జెనీవా పరిశోధకులు చూపారు. మనుషుల్లో అల్బినిజానికి కారణమయ్యే జన్యువుల్లో అదీ ఒకటి.

మోసం జరిగేది లెక్క దగ్గరే. అమెల్‌ను అనెరీతో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి, రెండు జన్యువులనూ దాచుకుని. వీటినే హెట్ అంటారు. ఆ పిల్లలు పెద్దవై తమలో తాము జతకడితే పదహారింటికి ఒకటి స్నో. అది సగటు మాత్రమే. పదిహేను గుడ్లలో ఒక్క స్నో కూడా రాకపోయే అవకాశం నూటికి 38. రెండు అమెల్ హెట్‌లకు పుట్టిన మామూలు రంగు పిల్ల హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. "66 శాతం హెట్" అంటే అంతే, జన్యువు 66 శాతం ఉందని కాదు. తల్లిదండ్రుల వివరం చూపలేనివాడు హెట్ పేరుతో ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

పిల్ల రంగునూ నమ్మలేం. కారమెల్ అనే పసుపు రకం పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు అనెరీలా కనిపించి, పెరిగేకొద్దీ పసుపెక్కుతుంది. అనెరీకీ వయసు మీద మెడ దగ్గర పసుపు చేరుతుంది. చారలున్న పామైతే పొట్ట తిప్పి చూడండి. మచ్చల తీరు మార్చే మోట్లీ, స్ట్రైప్ జన్యువులున్న పాముకు అక్కడ గళ్లు ఉండవు. వీపు మీద మచ్చలు అతుక్కుని, పొట్ట మీద గళ్లు మామూలుగానే ఉంటే అది పొదిగేటప్పుడు తగిలిన వేడి ఫలితం కావచ్చు. అలాంటి మార్పు పిల్లలకు రాదు. సన్‌కిస్డ్ అనే రకం వంశంలో స్టార్‌గేజర్ అనే నరాల లోపం కూడా ఉంది, అది ఉన్న పాములు తల మెలి తిప్పేస్తుంటాయి. ఆ వంశం కొనేవాళ్లు ఈ లోపం ఉందా అని తప్పక అడగాలి.

గుడ్లకు 27 నుంచి 29 డిగ్రీలు, సుమారు అరవై రోజులు కావాలి. మన మే నెలలో గది వేడికే వదిలేస్తే వెన్ను వంకర్లు, గుడ్డులోనే చావులు. పెద్ద పాముకు డబ్బాలో ఒక మూల 29, మరో మూల 24 ఉంటే చాలు. సముద్రపు గాలి ఊరు కనుక నీళ్లు చల్లడం కన్నా గాలి ఆడే రంధ్రాలు ముఖ్యం. తడి నిలిస్తే పొట్ట పొలుసులు కుళ్లుతాయి.

ఇంకో మాట. రంగును బట్టి విషం తేల్చకూడదు. నాగుపాములోనూ నలుపు లేనివి పుడతాయి. శ్వేతనాగు అని దండం పెట్టుకోండి గానీ దగ్గరకు వెళ్లకండి, దాని విషం నల్లదాని విషమే. తప్పించుకున్న కార్న్ స్నేక్ మచ్చల్ని చూసి రక్తపింజర అని కొట్టేసేవాళ్లూ ఉంటారు. దూరం నుంచి ఫొటో తీసి అటవీ శాఖకు చెప్పండి.

పెంచలేక కంబాలకొండ గట్టున వదిలేద్దామనుకునేవారికి: కేమన్ దీవుల్లో ఈ పాము బయటి నుంచి చేరి స్థిరపడిపోయింది. వదలకండి, చూసుకోగలిగినవారికి ఇవ్వండి. జెర్రిపోతునో కొండచిలువ పిల్లనో పట్టి పెంచడమైతే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఒక పాఠకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం