యుక్కా పూలలో తెల్ల మాత్

ఒరేయ్ రఘూ,

మీ డెన్వర్ పడమటి కొండల్లో మే నెలాఖరు నుంచి కత్తుల్లాంటి ఆకుల మధ్య పొడుగాటి పూలకాడలు లేస్తాయే, అదే యుక్కా గ్లాకా. ఈసారి కొండకి నడకకు వెళ్ళినప్పుడు ఆగి, వేలాడే ఆ పూలలోకి కింద నుంచి తొంగిచూడు. రేకుల రంగులోనే కలిసిపోయి చిన్న తెల్ల మాత్ (రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుక లాంటి పురుగు) పడుకుని ఉంటుంది. పేరు టెజెటిక్యులా యుక్కసెల్లా. రెక్కలు చాస్తే సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్లు, అంతే.

అసలు పని చీకటి పడ్డాకే చేస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి తీసుకెళ్ళు, తెల్ల వెలుతురుకి బెదురుతుంది. ఆడ మాత్ నోటి దగ్గర మెలితిరిగే రెండు అవయవాలుంటాయి. వాటితో కేసరాల పుప్పొడి గీకి, ఉండ చేసి, తల కింద పెట్టుకుంటుంది. ఇంకో పూవుకి ఎగిరి వెళ్ళి, అండాశయాన్ని గుచ్చి గుడ్డు పెట్టి, పుప్పొడి అందుకునే కొస, అంటే కీలాగ్రం దగ్గరికి వెళ్ళి, దాని గుంటలో కొంచెం పుప్పొడి కుక్కుతుంది. తేనె కోసం వస్తే ఒంటికి అంటుకున్న పుప్పొడి కాదురా ఇది! పెద్దయ్యాక దానికి తిండే అక్కర్లేదు. పుప్పొడి పడకపోతే గింజ లేదు, గింజ లేకపోతే పిల్ల పురుగుకి కూడు లేదు. 1872లో వృక్షశాస్త్రవేత్త ఎంగెల్మన్ గమనించి చెబితే, కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ వెంటపడి ఈ సంగతి తేల్చాడు.

ఒకే పూవులో మరీ ఎక్కువ గుడ్లు పడితే మొక్క ఆ పూవునే రాల్చేస్తుంది, లోపలివన్నీ చస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. అందుకే కాబోలు, గుడ్లు పెట్టిన పూవు మీద మాత్ వాసన గుర్తు వదులుతుంది, తర్వాత వచ్చింది దాన్ని పసిగడుతుంది.

అదే కాడ మీద ప్రొడోక్సస్ అనే మరో తెల్ల మాత్ కూడా తిరుగుతుంది, మోసపోకు. అది పుప్పొడి మోయదు, దాని పిల్లలు కాడనే తొలుస్తాయి. తల కింద పసుపు ఉండ కనిపిస్తే మాత్రం ఇక అనుమానం లేదు.

వేసవి చివర్లో కాయ మీద చిన్న రంధ్రం ఉందంటే పురుగు బయటపడి మట్టిలోకి దిగినట్టే. ఇసుక, పట్టుతో గూడు కట్టుకుని చలికాలమంతా అందులోనే ఉంటుంది, కొన్ని రెండు మూడేళ్ళు కూడా. ప్రొడోక్సస్‌లోనే ఒక జాతి 30 ఏళ్ళ తర్వాత రెక్కలతో బయటికొచ్చింది! పెంచి చూడాలనిపిస్తే పచ్చికాయ కోయకు, లోపలి పురుగు ఎదగకుండానే కాయ ఎండిపోతుంది. ముదిరిన కాయను తడి ఇసుక జాడీలో పెట్టి, చలికి బయటే ఉంచు.

మన ఊళ్ళ తోటల్లో యుక్కాకి పూలు విరగబూసినా కాయ సాధారణంగా పట్టదు. ఈ మాత్ ఇక్కడ లేదు కదా మరి.

నీ
శ్రీను