ఈ నెల నవల: ప్రేమ, నవ్వు, హత్య

అందరికీ నమస్కారం. ఈ నెల నవల గురించి మాట్లాడుకోడానికి ఆదివారం ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలిసినప్పుడు రాలేకపోయిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పదో అధ్యాయం దాటని వాళ్ళు మాత్రం ఇప్పుడే చదవకండి.

హంతకుడెవరన్న దానిమీద పెద్దగా మాట్లాడుకోలేదు, సగం మంది ముందే పట్టేశారు. గొడవంతా ఎస్సైకీ టీచరమ్మకీ మధ్య ప్రేమ మీదే. కథ నడక ఆగిపోయిందని కొందరన్నారు. ఇది పాత వాదనే. అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో డిటెక్టివ్ కథలకు ఇరవై నియమాలు రాస్తూ, మూడోదిగా ప్రేమ వ్యవహారం ఉండకూడదన్నాడు.

నేను ఒప్పుకోను. టీచరమ్మ పంపిన క్యారియర్ కడుగుతూ ఎస్సై మూత తిప్పి చూస్తాడు. అంచున చెక్కిన పేరు ఆమె ఇంటివాళ్ళది కాదు, చనిపోయినాయన భార్యది! మన ఇళ్ళలో స్టీలు గిన్నెలన్నిటి మీదా పేర్లుంటాయి కదా. ఆ భోజనం లేకపోతే ఆ ఆధారమే దొరకదు. నాకు గుండె జల్లుమంది.

హాస్యం దాదాపు అందరికీ నచ్చింది, ముఖ్యంగా టీకొట్టు కబుర్లు. కానీ చావింట్లో కాఫీ కోసం తగువు పడే చోట నవ్వలేకపోయానని ఒక పెద్దావిడ అన్నారు. ఈ మధ్యే వాళ్ళింట్లో ఒకరు పోయారు. ఇంటికొచ్చి ఆ పేజీలు మళ్ళీ చదివాను. ఆవిడ మాటే నిజమనిపించింది.

మీకేమనిపించిందో వాయిస్ మెసేజ్ అయినా పెట్టండి. హంతకుడి పేరు మాత్రం ఇక్కడ రాయొద్దు, దయచేసి.