విడి పదాలు కాదు, వాక్యాలు ఇవ్వండి

సంపాదకులకు,

మీ విద్యా పేజీలో, విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం ఇస్తున్న పదాల జాబితాలు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేనూ నాలుగు నెలలు జాబితాలే బట్టీ పట్టాను. 'ఎనర్వేట్' అంటే ఎనర్జీ ఇవ్వడమనుకుని, వాక్యంలో ఖాళీ పూరించే ప్రశ్నలో పెట్టేశాను. అసలు అర్థం నీరసపరచడం! మూడు ఖాళీల ప్రశ్నలో రెండు సరిగ్గా పెట్టినా మార్కు రాదు. అందుకే ఇప్పుడు ఆప్షన్లు చేత్తో మూసేసి ముందు వాక్యం చదువుతున్నాను. 'ఆల్దో', 'డిస్పైట్' లాంటి మాట కనబడితే అర్థం ఎటు తిరుగుతోందో చూసి, ఖాళీలో నాకు తోచిన తెలుగు మాట పెట్టుకుంటాను. ఆ తర్వాతే ఆప్షన్లు. టెన్షన్ చాలా తగ్గింది. యాంటొనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల పోలికలు) పరీక్షలోంచి 2011లోనే తీసేశారు, వాటిని ఇక ఆపేయండి. దయచేసి రోజుకు ఒక్క ఖాళీ వాక్యమైనా వివరణతో వేయండి.

- ఒక అభ్యర్థిని